తొమ్మిదో పేజీలోని గోడ

లొరైన్ పొద్దున్నే ఐదున్నరకి లేచి మొట్టమొదట చేసే పని పడకగది కిటికీ తుడవడం. షెఫీల్డ్‌లో అక్టోబరు వచ్చిందంటే ఏప్రిల్ దాకా ఆ ఒంటి అద్దాల లోపలివైపు, సన్నటి ఇనుప చట్రాల వెంబడి నీళ్ళు కారుతూనే ఉంటాయి. అద్దం అయ్యాక చట్రం, చట్రం అయ్యాక కింద గట్టు, ఆ తర్వాత బీరువా వెనక ఉత్తరపు గోడ. బీరువాని భుజంతో పక్కకి నెట్టి, బ్లీచ్ నీళ్ళలో ముంచిన గుడ్డతో, కొత్తగా లేచిన నల్లటి బూజు చుక్కల్ని రుద్ది రుద్ది పోగొట్టేది. ఆ వాసన పోవడానికి కాసేపు కిటికీ తెరిచి, చలికి వణుకుతూనే భర్త క్లైవ్‌కి టీ కాచి ఫ్లాస్కులో పోసి, బడి వంటశాలలో తన డ్యూటీకి పరిగెత్తేది. అంతసేపూ దుప్పటి ముసుగేసుకుని నిద్రపోయే క్లైవ్ ఎనిమిదింటికి లేచేవాడు. అప్పటికి గది పొడిగా, తెల్లగా ఉండేది.

ఈ పని నేర్పింది అత్తగారు ఎడ్నా. యుద్ధంలో బాంబు పడి ఇల్లు కూలిపోతే, ఏళ్ళ తరబడి ఎవరింట్లోనో వెనకగదిలో తలదాచుకుని, చివరికి హాలోగేట్ కాలనీలో నగరపాలక సంస్థ కట్టిన ఫ్లాటు తాళంచెవి అందుకున్న మనిషి. ఆ ఫ్లాటంటే ఆవిడకి ప్రాణం. లొరైన్ కొత్తగా అదే ఫ్లాటుకి కాపురానికి వచ్చినప్పుడు చెప్పింది: "కిటికీ మీద చెమ్మ కనపడిందంటే నీ బద్ధకం వీధిలోకి కనపడ్డట్టే, అమ్మాయ్." ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట లొరైన్ చేతులకి అలవాటైపోయింది. దాని గురించి ఆలోచించడం కూడా మానేసింది.

క్లైవ్ డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. హాలోగేట్ పరిరక్షణ సంఘానికి అధ్యక్షుడు. కాలనీని వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కించడానికి ఎన్ని ఉత్తరాలు రాశాడో లెక్కలేదు. ఆదివారాల్లో విద్యార్థులు గుంపులుగా వస్తే వాళ్ళని మెట్లెక్కించి, దింపి, "ఆ పాత గాజులో మేఘం ఎలా వంగి కనపడుతోందో చూశారా?" అని మురిసిపోయేవాడు. వాళ్ళందరికీ టీ, కేకు లొరైనే. ఒకసారి ఒక కుర్రది "మీకు కూడా ఈ భవనం అంటే ఇష్టమా?" అని అడిగితే, లొరైన్ నోరు తెరిచేలోగానే క్లైవ్ "మా ఆవిడకి ఇవన్నీ పట్టవు, తన లోకం తనది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

కొన్ని ఇళ్ళల్లో చెమ్మ, బూజు పడుతున్నాయని ఆ ఏడాది నగరపాలక సంస్థ కాలనీకి మరమ్మతులు చేస్తామంది. టామ్సిన్ అనే ఆర్కిటెక్టు ఇంటింటికీ తిరిగి చెప్పింది. బయటి ముఖం చెక్కుచెదరదట. ఇనుప చట్రాలు అవే ఉంటాయి, వాటిలో చెమ్మ పట్టని సన్నటి జంట అద్దాలు బిగిస్తారు. ఉత్తరపు గోడలకి లోపలివైపు చలి ఆపే పూత, తేమ లాగేసే చిన్న ఫ్యాను. క్లైవ్ మండిపడ్డాడు. "అద్దం మారితే ఇంక ఏం మిగిలింది? ముఖం ఉంచి కళ్ళు పీకేస్తామంటారు!"

అభ్యంతర పత్రం పన్నెండు పేజీలు రాశాడు. "లొరీ, పనైపోయాక లైబ్రరీలో దీనికి పది ప్రతులు తీయించి తీసుకురావూ?" అని భార్య చేతికిచ్చాడు.

జిరాక్సు మిషను దగ్గర నిలబడి, కాగితాలు ఒక్కొక్కటే బయటికొస్తుంటే, తొమ్మిదో పేజీలో తన పడకగది గోడ కనపడింది. బీరువా పక్కకి జరిపి తీసిన ఫొటో. కింద ఇలా ఉంది: "ఈ ఫ్లాటులో 1957 నుంచి ఏ మార్పూ జరగలేదు. తేమ లేదు, బూజు లేదు. లోపం కట్టడంలో లేదు, కాపురం చేసే పద్ధతిలో ఉందనడానికి ఇదే సాక్ష్యం. సరిగ్గా పై అంతస్తులో ఉన్న కుటుంబం గది కిటికీలు తెరవదని, బట్టలు లోపలే ఆరేస్తుందని నా భార్య స్వయంగా గమనించింది."

 మిషను మీద చెయ్యి ఆనించి నిలబడింది. టీ తాగుతూ ఎప్పుడో తను క్లైవ్‌తో అన్న మాట అది. ఆ కుటుంబమంటే పై ఇంటి హోదన్, ఆమె కూతురు సహ్రా. సహ్రాకి ఉబ్బసం. మెట్ల మీద కనపడినప్పుడు కిటికీలు తెరవమని తను హోదన్‌కి కూడా చెప్పింది, అచ్చం అత్తగారి గొంతుతో. వెనకాల ఎవరో "అయిందా అండీ?" అని అడిగేదాకా కదల్లేకపోయింది.

ఇంటికెళ్ళి కాగితాలు బల్ల మీద పెట్టి అడిగింది. "నేను రోజూ తుడుస్తానని రాయలేదేం?"

"ఏం తుడుస్తావు?"

"ఆ గోడ. ఆ కిటికీ. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా."

క్లైవ్ కళ్ళజోడు తీసి చూశాడు. "ఇంట్లో దుమ్ము దులుపుకోవడం ఎవరైనా రాసుకుంటారా లొరీ? గోడ పొడిగానే ఉంటుందిగా, నేను రోజూ చూస్తున్నానుగా."

అతను అబద్ధమాడటం లేదు. అదే ఆమెని నిలువునా కోసింది. అబద్ధమైనా బాగుండేది. కావాలని దాచాడంటే, దాచడానికి తనొకతె అక్కడ ఉన్నట్టయినా లెక్క. తను లేచిన చలి, నెట్టిన బీరువా, పగిలిన వేళ్ళు, ఏదీ ఇతనికి కనపడనే లేదు. పక్కనే పడుకుని ముప్పై ఒక్క ఏళ్ళు!

కోటు కూడా తొడుక్కోకుండా పై అంతస్తుకి వెళ్ళింది. హోదన్ తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. లొరైన్ ఆ పేజీ చూపించి, తడబడుతూ అంతా చెప్పింది. హోదన్ చదివింది. పేజీ తిరిగి ఇచ్చేసింది.

"నువ్వు కిటికీలు తెరవమన్నావు గుర్తుందా అక్కా? జనవరిలో. పెద్దదానివి, ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నావు, నీకు తెలుసుననుకున్నాను. తెరిచాను. ఆ వారమే సహ్రాని ఆస్పత్రిలో చేర్చాం."

"నాకు తెలీదు హోదన్…"

"నీ గోడ ఎందుకు అంత తెల్లగా ఉంటుందో అని నేను ఏడ్చేదాన్ని. నాకే కాపురం చేతకాదేమో అనుకున్నాను. నువ్వూ తుడుస్తున్నావని ఒక్కసారి చెప్పి ఉంటే?"

 సిగ్గుపడాల్సిన రహస్యంలా లొరైన్ ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదనే కదా నేర్చుకుంది. మెట్లు దిగి ఇంటికి రాగానే టౌన్‌హాలుకి ఫోన్ చేసి, మరమ్మతుల మీద అభ్యంతరాలు వినే విచారణలో మాట్లాడేవాళ్ళ జాబితాలో తన పేరు రాయించుకుంది.

విచారణ రోజున క్లైవ్ చాలా బాగా మాట్లాడాడు. యుద్ధంలో బూడిదైన నగరంలో మళ్ళీ లేచిన గోడల గురించి చెబుతూ, తన తల్లిని తలుచుకుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతని ప్రేమ నిజమేనని లొరైన్‌కి తెలుసు. తర్వాత ఆమె పేరు పిలిచారు. క్లైవ్ ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"తొమ్మిదో పేజీలో ఉన్న గోడ మా ఇంటిది," అంది లొరైన్. "అది దానంతటది పొడిగా లేదు. రోజూ నేను తుడిస్తే పొడిగా ఉంది. నాకు ముందు మా అత్తగారు తుడిచింది. ఆ కిటికీలంటే నాకూ ఇష్టమే. పొద్దున ఎండ పడితే గది ఎంత బాగుంటుందో మా ఇంట్లో అందరికంటే ముందు చూసేది నేనే. చట్రాలు తీసేయమనడం లేదు. అద్దాలు మార్చండి, గోడలకి పూత వెయ్యండి. పై ఇంటామె గురించి అందులో రాసింది తప్పు. ఆ తప్పు మాట అన్నదాన్ని నేనే. వెనక్కి తీసుకుంటున్నాను."

అధ్యక్ష స్థానంలో ఉన్న ఆవిడ కాగితం తిప్పి క్లైవ్ వైపు చూసింది. "మిస్టర్ హాడ్‌ఫీల్డ్, మీ భార్య చెప్పింది నిజమేనా? ఆ గోడని రోజూ తుడుస్తారా?"

క్లైవ్ లేచి నిలబడ్డాడు. లొరైన్ చేతుల వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. 

"నాకు… తెలియదు," అన్నాడు.

గుమస్తా ఆ మాటని అలాగే రాసుకుంది. మధ్యాహ్నానికి తీర్పొచ్చింది. చట్రాలు అవే, అద్దాలు కొత్తవి, ఉత్తరపు గోడలకి పూత. ముందు పిల్లలున్న ఇళ్ళకి.

బయట వాన. క్లైవ్ గొడుగు విప్పి మెల్లిగా అన్నాడు, "ఇంట్లోనే చెప్పొచ్చుగా లొరీ."

"ముప్పై ఒక్క ఏళ్ళూ ఇంట్లోనే ఉన్నాను క్లైవ్," అని, గొడుగు కిందికి వెళ్ళకుండా వానలోనే నడిచి ట్రామ్ ఎక్కింది.

ట్రామ్‌లో కిటికీ పక్కన హోదన్ కూర్చుని ఉంది. ఆమె కూడా విచారణకి వచ్చి, వెనక వరసలో కూర్చుందన్నమాట. లొరైన్ కమ్మీ పట్టుకుని ఆమె పక్కన నిలబడింది. హోదన్ నవ్వలేదు, పలకరించలేదు. పక్క సీటు మీదున్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.