తూర్పు గాలి, వేగం పది

"గుడ్డ తడపడం కూడా ఒక పనేనా?" అంది మా అత్త.

పందొమ్మిదేళ్ళుగా అంటోంది. ఆవిడ అనడం మానలేదు, నేను తడపడం మానలేదు. నా పాత లంగా అంచు కత్తిరించి, ఉతికి, వేలెడు ముక్క చేసి, తెల్లపెట్టెలోని రెండో థర్మామీటర్ బుడ్డికి చుడుతున్నాను. ఆ పెట్టెలో రెండుంటాయి. ఒకటి పొడిది, ఒకటి తడిది. రెండింటికీ ఉన్న తేడాని బట్టే గాలిలో నీరెంతో తెలిసేది. గుడ్డ ఆరిందా, ఉప్పు పట్టిందా, లెక్కంతా తప్పు. వాననీళ్ళే పొయ్యాలి. తాగడానికి నీళ్ళు చాలని నెలల్లో కూడా నా వాటాలోంచి ఆ గుడ్డకి పోశాను. నా గొంతు ఎండిన రోజుంది గానీ అది ఎండిన రోజు లేదు.

ఇంతా చేస్తే ఉద్యోగం నాది కాదు. నా మొగుడు కైతూది. మా దీవి మీద గాలి, అల, వాన చూసి రాజధానికి రేడియోలో చెప్పే ఉద్యోగం. పొద్దున ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, సాయంత్రం ఆరు. పెళ్ళయిన కొత్తలో "కాస్త చూసి రా తెరేతియా, నడుం పట్టేసింది" అన్నాడు. ఆ నడుం ఇప్పటికీ పట్టేసే ఉంది. రాత్రి కావా వేరు రసం తాగొచ్చి, ఆ మత్తులో పొద్దెక్కేదాకా పడుకునే మనిషి. నేను చీటీ మీద అంకెలు రాసి తెస్తే, చాప మీద దొర్లుతూనే మైకు నోటి దగ్గరికి లాక్కుని చదువుతాడు. మైకు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. "ఆడగొంతు వింటే ఆఫీసు వాళ్ళు ఏమనుకుంటారే?" అనేవాడు. పెద్దపిల్ల పుట్టిన రోజు ఆరు గంటలకి అంకెలు చూసి వచ్చి పడుకున్నాను, తొమ్మిది దాటాక పిల్ల బయటపడింది. ఆ తొమ్మిది గంటలకి ఆయన ఆరు గంటల అంకెలే మళ్ళీ చదివాడు. పక్క గదిలో నొప్పులు పడుతూ విన్నాను.

సాయంత్రం రాజధాని రేడియో పడవల వాళ్ళకి సముద్రం సంగతి చెబుతుంది. నా అంకెలే ఎవడో మగాడి గొంతులో తిరిగొస్తాయి. జనం "కైతూ చెప్పాడు" అంటారు. దార్లో చేపలిచ్చి దణ్ణం పెడతారు కైతూకి. ఆ చేపలు తోమేది మళ్ళీ నేనే.

ఇదంతా మింగాను. మింగలేనిది ఒక్కటుంది.

రెండేళ్ళ కిందట మా అమ్మకి జబ్బు చేస్తే రాజధాని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎనిమిది రోజులు ఉన్నాను. నాలుగో రోజు అమ్మ పోయింది, ఊరికి కబురంపాను, తిరుగు విమానం దొరికింది ఎనిమిదో రోజునే. ఆ ఎనిమిది రోజులూ కైతూ తెల్లపెట్టె దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మా దగ్గర ఏడాదిలో మూడొంతులు తూర్పు గాలే. కళ్ళు మూసుకుని "తూర్పు గాలి, వేగం పది, అల చిన్నది" అని రాసినా చాలాసార్లు నిజమే అవుతుంది. ఆయన అదే రాశాడు, రోజుకి ఐదుసార్లు, ఎనిమిది రోజులు. ఐదో రోజు నా తమ్ముడు బోకాయి అది నమ్మి, పక్కదీవికి అమ్మ కర్మకి కావలసిన చాపలు తేవడానికి చిన్న పడవలో బయల్దేరాడు. పడమటి గాలి లేచింది. దీవి లోపలి మా సముద్రపు మడుగు పడమటికి తెరుచుకుని ఉంటుంది. పగడపు దిబ్బ సందులోంచి అలలు సరాసరి లోపలికి వస్తాయి. పడవ దొరికింది. బోకాయి దొరకలేదు.

నేను తిరిగొచ్చి "గాలి చూడలేదా?" అని అడిగితే కైతూ సీమపనస ముక్క నోట్లో పెట్టుకుంటూ అన్నాడు: "సముద్రం ఎవరి మాట వింటుందే?"

మా అత్త అందుకుంది: "నువ్వు ఊళ్ళో ఉండుంటే ఇంత జరిగేదా? అమ్మ అమ్మ అని పోయావు."

అప్పుడు ఏడవలేదు. అంకెల పుస్తకంలో ప్రతి పేజీకీ కింద కార్బన్ నకలుంటుంది. అసలు రాజధానికి వెళుతుంది, నకలు మా దగ్గర ఉంటుంది. ఐదో రోజు నకలు చింపి నా జాకెట్ల కింద దాచాను. ఐదు వరసలు, ఒక్క అక్షరం తేడా లేదు, ఆయన చేతిరాత. దాన్ని ఎక్కడ వాడాలో తెలీదప్పుడు. ఎప్పుడో వాడతానని మాత్రం తెలుసు.

పోయిన నెల రాజధాని నుంచి కబురొచ్చింది. కైతూ ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్ళయిందని ప్రశంసాపత్రం ఇస్తారట. దీవి సభ ఇంట్లో, పెద్దలందరి ముందు. ఆఫీసు నుంచి తబేరా అనే ఆవిడ విమానంలో వస్తుందట. మా అత్త ఎగిరి గంతేసింది. "కొత్త చాపలు అల్లు, బబాయి చేమగడ్డ తవ్వు, పంది సంగతి చూడు" అని నా మీద పడింది. కైతూ "నేనేం మాట్లాడాలో రాసిపెట్టు. చిన్న మాటలు రాయి" అన్నాడు.

"రాస్తాను" అన్నాను.

పత్రం ఇచ్చే రోజు పొద్దున ఆరు గంటలకే పడమర నుంచి అల పొడుగ్గా, బద్ధకంగా వస్తోంది. గాలి ఇంకా తూర్పుదే, పైపైకి అంతా బాగానే ఉంది. పది గంటలకి గాలి బరువు చూపే బారోమీటర్ చూశాను. పుస్తకంలో పది గంటలకి గడి లేదు, ఆఫీసు అడగదు, నేనే చూస్తాను. మా సముద్రాల మీద గాలి రోజుకి రెండుసార్లు ఊపిరి తీసి రెండుసార్లు వదులుతుంది. పదింటికి ఎక్కుతుంది, నాలుగింటికి దిగుతుంది. గడియారం తప్పుతుంది గానీ అది తప్పదు. ఆ రోజు ఎక్కలేదు. బోర్లాపడ్డ మనిషిలా అలాగే ఉంది.

సభ ఇల్లు నిండిపోయింది. ఏ కుటుంబం చోటులో ఆ కుటుంబం, ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. ఆడది వెనక నుంచి లేచి మాట్లాడదు, ఆకులు అందిస్తుంది. బయట మడుగులో నాలుగు పడవలు కట్టి ఉన్నాయి. పక్కదీవి చర్చి పండక్కి అరవై మంది, అందులో పసిపిల్లలు, సభ అవగానే బయల్దేరాలి. పెద్దాయన ఎరితాయా తాత గొంతు సవరించుకున్నాడు.

"కైతూ, పత్రం తర్వాత పుచ్చుకుందువు గాని. ముందు సముద్రం ఎలా ఉందో చెప్పు. పిల్లలున్నారు."

కైతూ వెనక్కి చెయ్యి చాపాడు. ఎప్పట్లాగే నేను చీటీ పెట్టాను. పైన తేదీ ఉన్న అంచు, కింది నాలుగు వరసలు వెనక్కి మడిచి పెట్టాను. ఆయన లేచి, ఛాతీ విరిచి చదివాడు. రాత ఎవరిదో చూడలేదు. చూసే అలవాటుంటే కదా.

"తూర్పు గాలి, వేగం పది, అల చిన్నది. హాయిగా వెళ్ళండి."

చప్పట్లు. మా అత్త అందరికంటే గట్టిగా కొట్టింది. నేను లేచి నిలబడ్డాను.

"మడత విప్పి తేదీ కూడా చదువు కైతూ."

"ఏమే, కూర్చో!" అని అత్త నా గుడ్డ పట్టి లాగింది. గుడ్డ విదిలించుకున్నాను.

కైతూ మడత విప్పాడు. గబగబా మళ్ళీ మడవబోయాడు. ఎరితాయా తాత లేచొచ్చి కాగితం లాక్కుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆ తేదీ మా దీవిలో అందరికీ తెలుసు. ఆ రోజు వెతకడానికి వెళ్ళిన పడవల్లో తాత పడవ కూడా ఉంది.

"ఇది బోకాయి పోయిన రోజు" అన్నాడు తాత మెల్లగా. "ఆ రోజు గాలి పడమటిదిరా కైతూ. నా తెరచాప చిరిగింది."

"ఎక్కడో పాత కాగితం తెచ్చి ఇచ్చింది దొంగముండ!" అని అరిచాడు కైతూ. "ఇవాళ్టి సముద్రం బాగుంది, నేను చెబుతున్నాను!"

"అయితే మొదటి పడవలో ముందు కూర్చో" అన్నాను.

అది మా దీవి పద్ధతి. సముద్రం బాగుందన్నవాడే ముందు ఎక్కాలి. మా తాతల నాటి నుంచీ అంతే. ఎవరూ ఆయన్ని ఆ మాట అడిగిన పాపాన పోలేదు, ఉద్యోగస్తుడని.

"ఎక్కు" అన్నాను మళ్ళీ. "పదింటికి గాలి బరువు ఎక్కలేదు. పొద్దుటి నుంచీ పడమటి అల వస్తోంది. మూడింటికల్లా గాలి తిరుగుతుంది. నేను తప్పయితే నువ్వు పండక్కి వెళ్ళి పంది మాంసం తింటావు. ఎక్కు."

అరవై మందీ చూస్తున్నారు. కైతూ పడవల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చాప మీద కూలబడ్డాడు. "నడుం పట్టేసింది" అన్నాడు.

ఎవరో ఆడది నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు.

తబేరా నా దగ్గరికొచ్చింది. "పదింటి సంగతి నీకెవరు చెప్పారక్కా? మాకు కాలేజీలో చెప్పారు."

"చూశాను" అన్నాను. "పందొమ్మిదేళ్ళు."

ఆవిడ ప్రశంసాపత్రం మళ్ళీ కవర్లో పెట్టేసింది. పేరు తప్పు పడిందని, రాజధానికి వెళ్ళి నిజం రాస్తానని అంది. తాత చేతిలోని కాగితం ఫోటో తీసుకుని నా చేతికిచ్చింది.

మూడు గంటలకి తక్కువ పది నిమిషాలకి గాలి తిరిగింది. కొబ్బరి మట్టలన్నీ ఒక్కసారి అటు నుంచి ఇటు వాలాయి. మడుగులో కట్టిన పడవల్లో ఒకటి తాడు తెంచుకుని ఒడ్డుకి కొట్టుకుంది. దాన్లో ఎవరూ లేరు. నేను అంకెలు చూసి ఇంటికొచ్చి, కైతూ చాప పక్క నుంచి మైకు తీసుకున్నాను.

"పడమటి గాలి, వేగం ముప్ఫై, అల పెద్దది. పడవలు వద్దు."

"చెబుతున్నదెవరు?" అంది అవతలి గొంతు.

"తెరేతియా. ఎప్పుడూ నేనే."

మైకు పెట్టేశాక కైతూ తలెత్తకుండా అన్నాడు: "నలుగురిలో పరువు తీశావుగా, చాలు. ఆ కాగితం ఇటివ్వు, చించేస్తాను."

కత్తిరించిన గుడ్డముక్క, వాననీళ్ళ చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "వెళ్ళి తడుపు. ఇది కూడా ఒక పనేనో కాదో మీ అమ్మకి చెబుదువు గాని."

ఆ గాల్లోనే వెళ్ళాడు. మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

కాగితం ఇవ్వలేదు. నా దగ్గరే ఉంది. వచ్చే ఏడు అదే తేదీన సభ ఇంట్లో నిలబెట్టి చదివిస్తాను. ఆ పై ఏడూ చదివిస్తాను. మా ఇద్దర్లో ఒకరం పోయేదాకా చదివిస్తాను. సముద్రం ఎవరి మాట వింటుందో నాకు తెలీదు. కైతూ మాత్రం నా మాట వింటాడు.