మట్టంగా పరిచిన నేల

ఫిల్మ్‌నగర్‌లో మేం కొనుక్కున్న పాత ఫ్లాట్‌లో అన్నీ చిన్నవే. బాత్రూమ్ మరీ చిన్నది. అయినా గృహప్రవేశం నాడు మా ఆవిడ సత్యలక్ష్మి ముందుగా దాని తలుపే తీసి చూసింది. మేం ఇరవై రెండేళ్ళు కృష్ణానగర్‌లో అద్దెకున్నాం. అక్కడ నాలుగు వాటాలకూ కలిపి ఒకటే బాత్రూమ్. కార్తీకమాసంలో ఆమె చీకటితోనే లేచి, బకెట్ పట్టుకుని వరండాలో నిలబడేది. లోపల షూటింగుకు వెళ్ళే డ్యాన్సరెవరో తీరిగ్గా గడ్డం గీసుకుంటూ ఉండేవాడు. ఈమె వంతు వచ్చేసరికి సూర్యుడూ వచ్చేసేవాడు.

"ఈ కార్తీకం మాత్రం నా ఇంట్లో, తెల్లారకముందే తలస్నానం చేయాలండీ," అంది. "కాకపోతే ఈ పాత టైల్స్ జారుతున్నాయి. జంగయ్యను పిలిచి మార్పించండి."

జంగయ్య యూసుఫ్‌గూడ మేస్త్రీ. జూబ్లీహిల్స్‌లో పెద్ద ఇంటి పని ఒప్పుకున్నాడట, దీపావళి దాటితే గాని రాలేనన్నాడు. దీపావళి మర్నాడే కార్తీకం మొదలు.

"నేనే పరుస్తాను," అన్నాను.

"మీరా?"

"నా సర్వీసులో నలభై బాత్రూములు కట్టాను."

అది అబద్ధం కాదు. నేను సినిమా సెట్లు వేసే పనివాణ్ణి. నేను కట్టిన బాత్రూముల్లో హీరోయిన్లు పాటలు పాడారు, విలన్లు తన్నులు తిన్నారు. వాటికి మూడు గోడలే ఉండేవన్న సంగతి ఆ సమయానికి గుర్తు రాలేదు.

వినాయకుడికి దండం పెట్టుకుని పాత నేల పగలగొట్టాను. గరుకు టైల్స్ తెచ్చాను. సెట్ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం, నేల మట్టంగా ఉండాలని. వెంట్రుకంత తేడా ఉన్నా ట్రాలీ ఊగుతుంది, కెమెరామెన్ నోరు లేస్తుంది. అందుకని ప్రతి టైల్ మీదా రసమట్టం పెట్టి, గాజు గొట్టంలో బుడగ నట్టనడుమ నిలిచేదాకా వదల్లేదు. ఐదు రోజులు పట్టింది. షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ కొట్టడం మావాళ్ళ ఆచారం కదా, సిమెంటు ఆరగానే గుమ్మం ముందు గుమ్మడికాయ కూడా కొట్టాను. అప్పటికింకా చెంబెడు నీళ్ళయినా పోసి చూడలేదు.

దీపావళి పొద్దున సత్యలక్ష్మి చూస్తుండగా బకెట్ నీళ్ళు గుమ్మరించాను. మూలన నీళ్ళు పోయే జాలీని అవి పట్టించుకోలేదు. నాలుగు వైపులకూ సమానంగా పరుచుకుని కాసేపు నిలబడ్డాయి. తర్వాత గడప దాటి హాల్లోకి వచ్చాయి.

"ఏవండీ, దేవుడి పీట వైపు వెళ్తున్నాయి," అంది సత్యలక్ష్మి, పీట ఎత్తి చంకన పెట్టుకుంటూ.

జంగయ్యకు ఫోన్ చేశాను. పండగ సెలవు కాబట్టి మధ్యాహ్నం వచ్చాడు. వంగి నేల మీద అరచేయి ఆనించి చూశాడు.

"ప్రసాదన్నా, గింత మట్టంగ నేనైతే పరవలేను. క్యారమ్స్ ఆడుకోవచ్చు."

"మరి నీళ్ళెందుకు పోవడం లేదు?"

"ఎట్ల పోతయే? జాలీ దిక్కు జర వాలుగ వాటం ఇయ్యాలె గద. సెట్ల నీళ్ళు పోస్తే ఎటు పోతుండె?"

"షాట్ అయ్యాక ఎవరో తుడిచేవారు."

"గా ఎవరో ఇగ నువ్వే," అన్నాడు జంగయ్య. "మొత్తం పలగ్గొట్టి మళ్ళ పరవాలె. జర ఆరనియ్యాలె. వారం పడ్తది. అందాక పక్కింట్ల నీళ్ళు పోసుకోమను వదినను."

సత్యలక్ష్మి ఖాళీ బకెట్ అందుకుంది. దాని పిడిని ఆమె పట్టుకున్న తీరు నాకు తెలుసు. కృష్ణానగర్ వరండాలో అలాగే పట్టుకుని నిలబడేది.

"పగలగొట్టొద్దు జంగయ్యా," అంది. "ఇంకొకరి తలుపు దగ్గర నిలబడలేను. నెల పోయాక చూద్దాం. నీళ్ళు మీ అన్న లాగుతాడు."

"నెల దినాలా?" అని జంగయ్య నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

మర్నాడు తెల్లవారుజామున గడప దగ్గర పాత పంచె మడిచి నీళ్ళకు అడ్డుకట్టలా వేశాను. వైపర్ పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. లోపల చెంబు చప్పుడు, శివనామం. స్నానం చేసినవాళ్ళకు పుణ్యమంటారు. ఆ నీళ్ళు జాలీలోకి నెట్టినవాడికి ఏమైనా ఉంటుందా? గుడిలో పంతులుగారిని అడుగుదామనిపించింది. అడిగితే ఆ నేల ఎవరు పరిచారని ఆయన అడుగుతాడు. ఊరుకున్నాను.

తలుపు తెరుచుకుంది. సత్యలక్ష్మి తడిజుట్టుతో నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది.

"ఇంకా చీకటిగానే ఉందండీ," అంది మెల్లగా.

నేను లుంగీ ఎగ్గట్టి లోపలికి వెళ్ళాను. నీళ్ళు ఎక్కడివక్కడే, నాకోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉన్నాయి.