సోమవారం గది

బాదు చేతిని తిప్పి, దాని వెనక భాగాన్ని గోడకు ఆనించాడు. అరచేతి మీద అతనికి నమ్మకం లేదు. ఏళ్ళ తరబడి సున్నమూ రంగులూ తిని అది మొద్దుబారిపోయింది. చేతి వెనక చర్మానికి ఇంకా కాస్త బుద్ధి ఉంది. అక్కడ చల్లగా తగిలింది. కొత్త ప్లాస్టరింగు లోపల తడి ఇంకా చావలేదు.

పొడుగు వైరుకు వేలాడే బల్బును పట్టుకుని గోడ వారగా దించాడు. ఎదురుగా చూస్తే ఏ గోడైనా బుద్ధిమంతురాలే. వెలుగు పక్కనుంచి పడితేనే దాని బండారం బయటపడుతుంది. మూడు గోడలు మీగడ రంగులో నున్నగా ఉన్నాయి. కిటికీ ఉన్న గోడ మీద మాత్రం నిన్న వేసిన పల్చటి పూత కిందనుంచి నల్లటి మచ్చలు తేలాయి.

బాదు పెద్దమ్మ యా బిరాగో ఈస్టరు ముందు పోయింది. అప్పటినుంచీ ఆస్పత్రి శవాగారంలో, చల్లటి అరలో ఉంది. మా కొనోంగో ఊళ్ళో పోయినవాళ్ళకు తొందరేమీ ఉండదు. ముందు ఇంటికి మర్యాద, తర్వాతే మనిషికి మట్టి. బతికున్నన్నాళ్ళూ ఆవిడ గది కారుతుంటే గిన్నెలు పెట్టుకుంది తప్ప, ఒక్కడూ నిచ్చెన వేసి పైకి చూడలేదు. పోయాక కొత్త రేకులు వేశారు, పాత మట్టి రాల్చి సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. శుక్రవారం రాత్రి ఆవిణ్ణి తెచ్చి ఇక్కడే ఇత్తడి మంచం మీద పడుకోబెడతారు. శనివారం ఊరంతా వచ్చి చూస్తుంది.

పదో సంతానానికి మావాళ్ళు పెట్టే పేరు బాదు. తొమ్మిది మంది పడుకున్నాక చాప మీద ఎంత చోటు మిగులుతుందో, బతుకులోనూ అతనికి అంతే మిగిలింది. ఒకామె పెళ్ళికి ఒప్పుకుని, ఎక్కడుంచుతావని అడిగింది. అతను చూపించాడు. ఆమె మళ్ళీ రాలేదు. ఇప్పటికీ వంటపాక వసారాలో, కట్టెలకూ మేకలకూ మధ్య పడుకుంటాడు. ఊళ్ళో ఎన్నో శవాలకు గదులు సిద్ధం చేశాడు గానీ, తలుపున్న గదిలో తను ఒక్క రాత్రి పడుకోలేదు.

ఈసారి మాత్రం పెద్దమ్మ కొడుకు, ఇంటి పెద్ద అగ్యేకుం నోరు తెరిచి మాటిచ్చాడు. "గోడలు అద్దంలా చెయ్యరా. అంతా అయిపోయాక, సోమవారం నుంచి ఆ గది నీదే" అన్నాడు.

నిజానికి శనివారం ఆ గోడల్ని ఎవరూ చూడరు. శుక్రవారం అలంకరణవాళ్ళు వచ్చి కప్పు దగ్గర్నుంచి నేల దాకా తెల్ల లేసు కట్టేస్తారు. సోమవారం విప్పుతారు. ఆ సంగతి బాదుకి తెలియంది కాదు. అతను రంగు వేస్తున్నది సోమవారానికి. పొద్దున్నే తన చాపను చుట్టి తెచ్చి తలుపు వెనక మూలలో నిలబెట్టాడు కూడా.

అక్క కూతురు సెర్వా కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్ద, మిరపకాయ పచ్చడి, వేయించిన చేప పట్టుకొచ్చింది. మూలలో చాప చూసి నవ్వింది.

"అబ్బో! అప్పుడే కాపురం పెట్టేశావా మామా?"

"అన్న మాటిచ్చాడే."

"నాకూ ఇచ్చాడు. మూడు రోజులు జనానికి వండి వారిస్తే గది నాదేనట. ఇంకా ఎంతమందికి ఇచ్చాడో! సోమవారం అందరం వరసగా పడుకోవాలి కాబోలు."

బాదు ముద్ద కంచంలో పెట్టి గోడ వైపు తిరిగాడు. "గోడ చూస్తే కాదనలేడులే. మచ్చ లేకపోతే ఏమని నోరెత్తుతాడు?"

"పిచ్చి మామా!" అంది సెర్వా. ఈసారి నవ్వలేదు. తన చేప కూడా అతని కంచంలో వేసింది.

అప్పుడే అగ్యేకుం కొత్త నల్ల చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు.

"ఆ మచ్చలేంట్రా? మా అమ్మని గజ్జి పట్టిన గోడల మధ్య పడుకోబెట్టమంటావా?"

"లోపల తడి, అన్నా. ఒక్క పది రోజులు వదిలేస్తే..."

"పది రోజులా! శనివారమేనని ఊరంతా పోస్టర్లు అంటించాను. కుమాసి నుంచి బ్యాండు వస్తోంది. పోయి అమ్మకి చెప్పు, తమ్ముడి గోడ ఆరలేదట, ఇంకాస్త చల్లగా పడుకోమని. కుంపట్లు పెట్టి ఆరబెట్టు."

"నా కుంపట్లు ఇస్తే రాత్రికి వంట నీ నెత్తి మీద చెయ్యనా?" అంది సెర్వా.

"సాయంత్రం ఇచ్చేస్తాడు. నువ్వు నోర్మూసుకుని ఇవ్వు."

నాలుగు కుంపట్లు వచ్చాయి. బాదు బొగ్గులు రాజేసి గోడ పొడుగునా పేర్చాడు. పొగ లేదు, ఎర్రటి వేడి మాత్రమే. మధ్యాహ్నానికి మచ్చలు వెలవెలబోయాయి. కుంపట్లు వెనక్కి జరిపి, రోలరు ముంచి, పై మూలనుంచి మొదలుపెట్టాడు. చెయ్యి ఆగిన చోట గోడ మీద గీత మిగిలిపోతుంది. అందుకే గోడ సగంలో ఉండగా అతను దగ్గు వచ్చినా దగ్గడు. దగ్గునంతా గొంతులోనే పట్టుకుని, చివరి మూల దాటాక బయటికి వెళ్ళి వంగి దగ్గాడు.

అంతలో వాన అందుకుంది. కిటికీలోంచి జల్లు ఏటవాలుగా కొట్టింది. పచ్చి రంగు మీద నాలుగు చుక్కలు పడితే పనంతా మట్టిపాలే. ఎప్పుడూ కుంపట్లు పెట్టినప్పుడు కిటికీ కొంచెం తీసి ఉంచేవాడు, బొగ్గు గాలి బయటికి పోవాలని పెద్దవాళ్ళు అలా నేర్పారు గనక. ఇవాళ గట్టిగా మూసేశాడు. లోపలే ఉండి, వేడి గోడంతటికీ సమంగా తగిలేలా కుంపట్లు జరుపుతానని, గోడ చూడటానికి వచ్చిన అగ్యేకుంతో అన్నాడు.

"అన్నా, తలుపు లాగెయ్. మేకలు వచ్చి ఒరుసుకుంటాయి."

అగ్యేకుం తలుపు లాగి బయట గొళ్ళెం పెట్టాడు. మేకలంటే అతనికీ భయమే.

బాదు రంగు డబ్బా బోర్లించి గది మధ్యలో కూర్చున్నాడు. తల దిమ్ముగా ఉంది. రంగు వాసన అనుకున్నాడు. చొక్కాకి ఆ పక్కన ఒక మేకు కొట్టాలి. చాప ఇటు పరుచుకుంటే పొద్దున్నే కళ్ళు తెరవగానే ఈ గోడే కనబడుతుంది. లోపలినుంచి గడియ పెట్టుకోవచ్చు. ఎవరైనా వస్తే తలుపు కొట్టి పిలవాలి. ఆ ఆలోచనకే అతనికి ఒళ్ళంతా సంతోషమైంది. కాసేపు కళ్ళు మూసుకుంటే గోడ ఆరిపోతుందనుకున్నాడు.

గోడ ఆరింది.

సాయంత్రం సెర్వా గొళ్ళెం తీసింది. "మామా, నా కుంపట్లు!" అంది. మళ్ళీ పిలిచింది. తర్వాత అరిచింది.

అగ్యేకుం పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగాడు. బల్బు తీసుకుని గోడ వారగా పట్టుకున్నాడు. ఎక్కడా మచ్చ లేదు, గీత లేదు.

"పడేటప్పుడు గోడకి తగల్లేదు. నయం" అన్నాడు.

ఒకే ఇంట్లో రెండు చావులంటే పోస్టర్లు వృథా, బ్యాండు వృథా. శనివారం దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని పెద్దలు తేల్చేశారు. సెర్వా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని వెక్కుతుంటే అగ్యేకుం దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఇప్పుడు కాదే. శనివారం ఏడువు, అందరితో పాటు."

శుక్రవారం రాత్రి పెద్దమ్మను తేవడానికి బయల్దేరిన వ్యాను ఖాళీగా వెళ్ళలేదు. ఆవిడ ఖాళీ చేసిన అరలోనే బాదుని పెట్టారు. బతుకంతా చోటు కోసం చూసినవాడికి ఆ చోటు మాత్రం అడక్కుండానే దొరికింది.

శనివారం సెర్వా గుండెలు బాదుకుని ఏడ్చింది. ముసలమ్మంటే ఎంత ప్రేమోనని జనం మెచ్చుకున్నారు. గోడల మీద తెల్ల లేసు కప్పునుంచి నేల దాకా ఒక్క ముడత లేకుండా దిగింది, తలుపు వెనక మూల తప్ప. అలంకరణవాళ్ళు తొందరలో దేన్నీ తియ్యకుండా పైనుంచి కప్పేశారు. అక్కడ మాత్రం లేసు కాస్త ఉబ్బెత్తుగా ఉంది, లోపల నిలబెట్టిన చాప మీద.