వేరు తువ్వాలు

నా తువ్వాలు ఇకమీదట వేరే తీగ మీద ఆరేసుకోమని మా అత్తగారు చెప్పినప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను. “నిన్నేమీ అనడం లేదమ్మా” అన్నారు ముందుగా. ఆవిడ అలా మొదలుపెట్టారంటే ఏదో అనబోతున్నారని అర్థం. “రోజుకి ఎనిమిది వీపులు ముట్టుకుని వస్తావు. ఎవరి ఒంట్లో ఏముందో ఎవరికి తెలుసు?”

నాకు తెలుసు. నా ఉద్యోగంలో సగం అదే. నేను మర్దన కేంద్రంలో పనిచేస్తాను. పని నేర్పిన మేడమ్ మొదటిరోజే చెప్పింది, చేయి వేసే ముందు కన్ను వేయాలని. అందుకే దుప్పటి తీయగానే లైటు వేసి చూస్తాను. అంచు ఎర్రగా లేచి మధ్యలో మామూలుగా ఉండే గుండ్రటి మచ్చ తామర. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు అది జేబులో నాణెం ఒత్తుకున్న గుర్తని నాతో పావుగంట వాదించారు, మచ్చేమో వీపు మీద ఉంది. ఇంకొకావిడ హ్యాండ్‌బ్యాగు పట్టీ కోసుకుందంటూ వచ్చింది. నడుముకి ఒక్క పక్కనే పట్టీలా నీటి పొక్కులున్నాయి. అది సర్పి, ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలని చెప్పి చెప్పులు తొడిగించి మరీ పంపాను. అంటుకునేది ఏది కనిపించినా అందరికీ ఒకే మాట చెబుతాను: “ఇవాళ మర్దన వద్దండీ. డాక్టరుకి చూపించుకుని రండి, నేనెక్కడికీ పోను.” అంటనివీ ఉంటాయి. సోరియాసిస్ ఉన్న ఒకమ్మాయి బల్ల ఎక్కకుండా నిలబడి, “ఇది అంటదండీ” అంది, క్షమాపణ చెబుతున్నట్టు. తెలుసమ్మా, పడుకో అన్నాను. గంటసేపూ ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది.

ఇంట్లో మాత్రం దీని పేరు పిసకడం. పెళ్లైన కొత్తలో మావారు పెట్టిన పేరు. చుట్టాలు అడిగితే ‘ఆస్పత్రిలో చేస్తోంది’ అని అత్తగారు చెబుతారు, ఏ ఆస్పత్రో చెప్పరు. అంత నామోషీ పని సాయంత్రం ఆరు దాటగానే పవిత్రమైపోతుంది. ఎనిమిది వీపుల తర్వాత ఇంట్లో రెండు జతల కాళ్లు నాకోసం చాచుకుని ఉంటాయి. ఊళ్లోవాళ్లకి పిసికితే పరువు తక్కువ, ఇంట్లోవాళ్లకి పిసక్కపోతే పొగరు. పదకొండేళ్లుగా ఇది మామూలే కాబట్టి నేనూ మామూలుగానే పట్టేదాన్ని.

మావారు ఆఫీసు ట్రైనింగుకి వెళ్లి అక్కడి హాస్టల్లో పది రోజులుండి వచ్చారు. వచ్చిన నెలకి గోకడం మొదలైంది. భోజనాల దగ్గర చేయి చాపితే చూశాను. వేళ్ల సందుల్లో ఆవగింజల్లాంటి పొక్కులు, మణికట్టు దగ్గర పెన్సిలు గీతలాంటి సన్నటి చార. రాత్రిళ్లు దురద ఎక్కువగా ఉంటోందా అని అడిగితే అవునన్నారు.

“గజ్జిలా ఉందండీ. డాక్టరుకి చూపించండి” అన్నాను.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “గజ్జి కుక్కలకొస్తుంది. నాది ఎలర్జీ.”

“మా వంశంలో గజ్జి లేదు” అన్నారు అత్తగారు, మా పుట్టింటివాళ్ల వంశంలో ఉన్నట్టు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఇద్దరూ కలిసి తేల్చిందేమిటంటే, అది ఏదైనా సరే, తెచ్చింది నేను. అలా నా తువ్వాలు వేరైంది. తర్వాత సబ్బు వేరైంది, దుప్పటి వేరైంది, చివరికి పక్క కూడా ముందుగదిలోకి మారింది. శిక్ష వేశామని వాళ్లు అనుకున్నారు. గురక వినకుండా ఏడు గంటలు నిద్రపోవడం నాకు పెళ్లయ్యాక అదే మొదలు. కాళ్లు పట్టడం మాత్రం మానిపించలేదు. దానికి అత్తగారే ఉపాయం కనిపెట్టారు. తనకి మోకాళ్లదాకా సాక్సులు, కొడుక్కి సాక్సులు, నాకు గ్లవ్స్. “సాక్సుల మీద నుంచి పట్టమ్మా, నీ జబ్బు మాకు రాకుండా” అన్నారు. అంటూ, చలిగా ఉందని కొడుకు అప్పుడే విప్పిన ట్రైనింగు స్వెటరు తొడుక్కున్నారు. దాంతో ఆవిడకీ అంటుకుంది. తల్లీకొడుకులు టీవీ ముందు కూర్చుని వంతులవారీగా గోక్కునేవారు.

ఇప్పుడు నవ్వుతున్నాను గానీ అప్పుడు భయమేసింది. నిజంగానే నేను తెచ్చానేమోనని స్నానాలగదిలో భూతద్దంతో వేళ్ల సందులన్నీ వెతుక్కున్నాను. ఏమీ లేదు. అయినా మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ నా చేతులు లైటు కింద చూసి, “నీకేం లేదు. కానీ ఇంట్లో అందరూ మందు రాసుకునేదాకా ఎవరినీ ముట్టుకోకు” అంది. వారం రోజులు కేంద్రంలో తువ్వాళ్లు మడతపెట్టాను. ఆ వారంలోనే మావారు ఒక కాగితం ప్రింటు తీసుకొచ్చి నా ముందు పెట్టారు. ‘మేనేజరు గారికి. ఆరోగ్య కారణాల వల్ల మర్దన పనికి నేటినుంచి రాజీనామా చేస్తున్నాను.’ కింద నా సంతకానికి ఖాళీ.

“ఇల్లంతా గోక్కుంటోంది నీ మూలాన. సోమవారం ఇచ్చేయ్” అన్నారు.

 నా చేయి పడగానే మనుషులు హాయిగా ఊపిరి పీల్చుకునే చోటు ఈ లోకంలో అదొక్కటే ఉంది. సంతకం చేయకుండా కాగితాన్ని బల్ల మీద పెట్టేశాను.

ఆదివారం ఆయన దురద భరించలేక డాక్టరు దగ్గరికి బయల్దేరారు, ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ ఆయన వేళ్లు విడదీసి చూసి, “గజ్జి” అంది.

“ఎలర్జీ అనుకున్నానండీ.”

“నెలరోజుల నుంచీ ఇంట్లో ఎవరికీ అనుమానమే రాలేదా?”

ఆయన గోడమీది క్యాలెండరు చదవసాగారు. అత్తగారు ముంజేయి గోక్కుంటూ, “మా కోడలు మొదట్లోనే చెప్పింది” అన్నారు, మెల్లగా. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

డాక్టరమ్మ నా చేతులు కూడా తిప్పి చూసింది. “నీకొక్కదానికే రాలేదేం?”

“నా తువ్వాలు వేరండీ. పక్క కూడా వేరే.”

“మంచి పని. ఎవరి ఆలోచన?”

“అత్తయ్యగారిది.”

అత్తగారు కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారు.

దురద ఉన్నా లేకపోయినా ముగ్గురూ ఒకేరోజు మెడ నుంచి అరికాళ్లదాకా మందు రాసుకోవాలని, బట్టలన్నీ వేడినీళ్లలో ఉతకాలని, వారానికి మళ్లీ రాయాలని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చి నేను తలుపేసుకుని రాసుకున్నాను. నా వీపు నాకు అందుతుంది, అది కూడా ఈ పనే నేర్పింది. బయటికొచ్చేసరికి మావారు చొక్కా విప్పి స్టూలు మీద నాకు వీపు పెట్టి కూర్చున్నారు. మందు ట్యూబు భుజం మీదుగా వెనక్కి చాపారు, తిరిగి చూడకుండా.

“ఊఁ, కానియ్” అన్నారు.

పదకొండేళ్లలో ఈ మనిషి ఒక్కసారి కూడా ‘రాస్తావా’ అని అడగలేదని అప్పుడు తట్టింది. నేను ట్యూబు అందుకోలేదు. బల్ల మీది రాజీనామా కాగితం తీసి, పెన్నుతో ఒకచోట దిద్ది, సంతకం పెట్టి ఆ చేతిలో పెట్టాను.

“ఇన్నాళ్లకి తెలివొచ్చింది” అంటూ చదివారు. నేను దిద్దింది పైన: ‘మేనేజరు గారికి’ కొట్టేసి ‘మావారికి, అత్తగారికి’ అని రాశాను. ఆయన రెండోసారి చదివారు. “ఇదేంటి? మరి నా వీపు?”

“ఇవాళ ముట్టుకోనండీ. తగ్గాక కూడా, కావాలంటే అడగండి. వీలుంటే చెబుతాను.”

లోపలిగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఒరేయ్, నువ్వే రారా. నా వీపుకి మందు రాద్దువుగాని.”

ఆయన ట్యూబు పట్టుకుని, ఎటు వెళ్లాలో తెలియనట్టు నిలబడ్డారు.

“వెళ్లండి” అన్నాను. “చేయి వేసే ముందు కన్ను వేయండి.”