లివర్ తేలికైన రోజులు

చుక్క.

బండి కింద, గచ్చు మీద, ఒక చుక్క.

వాన కాదు. మబ్బు పట్టి ఉందే గానీ ఇంకా కురవలేదు. పెట్రోలు కాదు, అదైతే ఈపాటికి ఆరిపోయేది. ఇది ఆరదు. వేలికి జారుతుంది. చీమల బారు దాని దాకా వచ్చి, ఆగి, పక్కకు తప్పుకుని పోతోంది.

చీమలకు ముందే తెలిసింది. నాకే ఆలస్యంగా...

నాది బండ్లు బాగుచేసే పని. వీధి చివరి షెడ్డు నాదే. ఎవరి బండి దగ్గినా తుమ్మినా నా దగ్గరికే వస్తుంది. మా ఇంటి బండి వంక మాత్రం కన్నెత్తి చూడలేదు. మా ఆయన నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి అది గుమ్మం పక్కన స్టాండు మీదే ఉంది.

మా ఆయన గోడలకు రంగులు వేస్తాడు. ఎడమచేతి వాటం. కుంచె ఆ చేత్తోనే, సంతకం ఆ చేత్తోనే, నా మీద కోపమొస్తే తలుపు ధడాలున వేసేదీ ఆ చేత్తోనే. పడ్డప్పుడు విరిగిందీ అదే. ఎముక అతికింది. పట్టు మాత్రం రాలేదు. కుంచె గోడను తాకేలోపే వేళ్ళలోంచి జారిపోయేది.

డాక్టరు నొక్కమని రబ్బరు బంతి ఇచ్చాడు. ఈయన దాన్ని మంచం కిందికి దొర్లించి, బండి హ్యాండిల్‌కి ఎడమవైపు ఉండే క్లచ్ లివర్‌ని పట్టుకున్నాడు.

పొద్దున్నే గుమ్మం దాటడం. బండి పక్కన నిలబడటం. ఎడమచేతి వేళ్ళు లివర్ మీద వేసి, నొక్కడం.

మొదట్లో అది కదల్లేదు.

తర్వాత కొంచెం కదిలింది.

తర్వాత ఇంకొంచెం...

"ఇవాళ సగం దాకా వచ్చింది" అనేవాడు లోపలికి వస్తూ. ఒక పొద్దున లివర్ వచ్చి హ్యాండిల్‌కి ఆనింది. ఆ రోజు ఆయన రెండుసార్లు తల దువ్వుకున్నాడు. పాత కుంచెలన్నీ తీసి కిరసనాయిల్లో నానబెట్టాడు. ఈల వేశాడు. ఆ ఈల విని ఎన్నాళ్ళయిందో... వంటింట్లో కొళాయి కట్టేసి మరీ విన్నాను.

"రేపు పనికి పోతున్నా. బండి మీదే" అన్నాడు నిన్న.

ఇవాళ ఈ చుక్క.

ఆయన ఇంకా స్నానాల గదిలోనే ఉన్నాడు. నేను ఇంజను పక్కంతా గుడ్డతో పొడిగా తుడిచాను. నా పౌడరు డబ్బా తెచ్చి, తుడిచిన చోటల్లా చల్లాను. లివర్ నొక్కాను — రెండు వేళ్ళతో. వచ్చేసింది. చిటికెన వేలితో నొక్కాను.

వచ్చేసింది.

పౌడరులో తడి గీత మెల్లగా దిగింది. క్లచ్ పిస్టన్ ఉన్న చోటి నుంచి కింది దాకా, అద్దం మీద చినుకు జారినట్టు.

ఈ బండి క్లచ్‌కి తీగ ఉండదు. లివర్ నొక్కితే సన్నటి గొట్టంలో నూనె కదిలి, కింద ఉన్న చిన్న పిస్టన్‌ని తోస్తుంది. నూనె కారిపోయి గాలి చేరితే, నొక్కిన చేతికి ఎదురు చెప్పేది ఏమీ ఉండదు. పసిపిల్ల నొక్కినా లొంగుతుంది.

ఆయన చేతికి బలం రాలేదు. లివర్‌కే బలం పోయింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈల ఉంటుంది. కానీ ఇవాళే కూడలిలో ఆయన లివర్ నొక్కుతాడు, క్లచ్ విడదు, బండి ముందుకే పోతుంది, ముందు లారీ ఆగి ఉంటుంది... బాగుచేస్తే లివర్ మళ్ళీ బిగుస్తుంది. బిగుస్తే ఆయనకు తెలిసిపోతుంది. ఇంత మనసొప్పని పని నా చేతికి ఎప్పుడూ రాలేదు.

"దానికి పౌడరు పూశావేంటి? ఎక్కడికన్నా పంపిస్తున్నావా?"

తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు.

"కారుతోందండీ. క్లచ్ నూనె."

వంగి చూశాడు. బండి చట్రానికి ఆ నీలం ఆయన వేసిందే. నూనె జారిన చోటల్లా రంగు పొంగింది. బొటనవేలితో రాస్తే పొరగా ఊడి వచ్చింది. రంగుల మనిషి... ఊడిన పొర చూసి అది ఎప్పుడు మొదలైందో చెప్పగలడు. అయినా నన్నే అడిగాడు.

"ఎప్పటి నుంచి?"

"లివర్ వస్తోందని మీరు చెప్పినప్పటి నుంచి."

ఆయన ఎడమ చేతిని కుడి చేతిలోకి తీసుకుని, ఎవరిదో అన్నట్టు చూశాడు.

బోల్టులు విప్పాను. పిస్టన్ చుట్టూ ఉంగరమంత రబ్బరు సీలు. అంచు అరిగి గోటికి తగులుతోంది. ఇంత చిన్నదా ఆయనకు అంత ఈల ఇచ్చింది... షెడ్డులోంచి కొత్తది తెచ్చి, నూనెలో ముంచి ఎక్కించాను. బిగించాను. కొత్త నూనె పోశాను. ఇక లోపల చేరిన గాలి తీయాలి.

అది ఒక్కరితో అయ్యే పని కాదు. పైన ఒకరు లివర్ పట్టాలి. కింద ఒకరు గాలి బయటికి వదిలే మర తిప్పాలి.

"కుడి చేత్తో పట్టండి" అన్నాను, తలెత్తకుండా.

ఎడమ చేయే వేశాడు.

"పట్టండి."

"పట్టా."

మర తిప్పాను. మరకు తగిలించి, ఖాళీ సీసా మూతికి కట్టిన గొట్టంలోకి బుడగలు పరుగెత్తాయి. మర బిగించాను.

"వదలండి."

పట్టండి. పట్టా. వదలండి.

పట్టండి. పట్టా...

పెద్ద బుడగలు. చిన్న బుడగలు. ఆవగింజలంత బుడగలు. ఒక్కొక్కటీ పోయేకొద్దీ పైన లివర్ బిగుస్తోంది, ఆయన ఊపిరి బరువెక్కుతోంది. కింద కూర్చున్న నాకు ఆయన చేయి కనబడదు. పాదాలు కనబడుతున్నాయి. మడమలు లేస్తున్నాయి.

బుడగలు అయిపోయాయి.

"చాలండీ. అయిపోయింది."

"ఇంకోసారి."

నా చేయి స్పానర్ మీదే ఉంది. ముందే ఒక పిసరు తిప్పి ఉంచితే లివర్ తేలిగ్గా వచ్చేస్తుంది. ఆయనకు తెలియదు. మళ్ళీ ఈల వేస్తాడు...

తిప్పలేదు.

"పట్టండి" అన్నాను.

దూరంగా ఎక్కడో ఉరిమింది. చీమల బారు నా మోకాలి పక్కనుంచి గుడ్లు మోసుకుపోతోంది. ఆయన మడమలు లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి. నేను రెండోసారి అడగలేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

"...పట్టా."

లివర్ ఎంత వచ్చిందో తలెత్తి చూడలేదు. మర వెంట్రుకవాసి తిప్పాను. పైన చేయి నిజంగా నొక్కితేనే నూనె బయటికొస్తుంది.

గొట్టం చివర, సీసా మూతి దగ్గర, నూనె కొంచెం ఉబ్బింది. వణికింది. పైన చేయి వణికినంతసేపూ వణికింది.

"పడిందా?" అన్నాడు పైనుంచి.

నేను నోరు తెరిచేలోపు —

చుక్క.