‘యాడుండాది’ ప్రోగ్రాం

“నా బనీను యాడ పెట్టినావే?” అని నాగేంద్రబాబు కేకేసినప్పుడు ఆ బనీను ఆయన భుజం మీదే ఉంది. వంటింట్లో చారుకు పోపు పెడుతున్న విజయకుమారి వెనక్కి తిరక్కుండానే “మీ భుజం మీద” అంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయితే మొగుడి మొహం చూడక్కర్లేదు, గొంతు విని బనీను ఎక్కడుందో చెప్పేయొచ్చు. ఆయన భుజం తడుముకున్నాడు. దొరికిందని సంతోషించకపోగా, “ఆ మాట ముందే చెప్పచ్చు గదా” అని విసుక్కున్నాడు.

నాగేంద్రబాబుకు మతిమరుపు జబ్బేమీ లేదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆయనకు పురుగుమందుల షాపు ఉంది. కలువాయి నుంచో సోమశిల నుంచో రైతు వచ్చి ఫలానా పురుగు పడిందంటే చాలు, నేల నుంచి కప్పు దాకా పేర్చిన డబ్బాల్లోంచి సరైన డబ్బాను చూడకుండానే తీసి చేతిలో పెడతాడు. ఊళ్ళో అందరూ మెచ్చుకునే ఆ జ్ఞాపకశక్తి షట్టర్ దించేటప్పుడు షాపులోనే ఉండిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చే నాగేంద్రబాబు వేరే మనిషి. పంచె, నెయిల్ కట్టర్, బండి తాళం, అన్నీ భార్యనడిగితే తప్ప దొరకవు. అత్త రాఘవమ్మది ఇంకో పద్ధతి. వస్తువు ఎక్కడుందని ఆవిడ అడగదు. “నా కళ్ళద్దాలు ఎవరో తీసినారు” అంటుంది. ఆ ఎవరో ఎవరన్నది ఇంట్లో అందరికీ తెలుసు. తొమ్మిదో తరగతి చదివే సుస్మిత అయితే “అమ్మా!” అని ఒక్క కేక పెట్టి ఊరుకుంటుంది. ఏం పోయిందో కూడా అమ్మే కనుక్కోవాలి.

ఇలాంటి ఇంట్లోంచి విజయకుమారి కంప్యూటర్ క్లాసుకు పోతానంది.

దానికి కారణం కూతురే. సుస్మిత కంప్యూటర్ పుస్తకం ముందేసుకుని ఏదో రాసుకుంటుంటే, “ఏంది పాపా ఇది?” అని అడిగింది. “నీకు అర్థం కాదులేమ్మా” అంది ఆ పిల్ల. పొగరుగా అన్నా బాధపడేది కాదు, జాలిగా అంది. ఆ జాలి విజయకుమారికి గుచ్చుకుంది. సోమశిల రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పైన ఎవరో ఆడవాళ్ళకు ఉచితంగా ప్రోగ్రామింగ్ నేర్పుతున్నారని విని, మరునాడే పోయి పేరు రాయించి వచ్చింది. కూరగాయల సంచీతో పోయింది, కూరగాయలు మర్చిపోయి వచ్చింది.

“పోతే పో. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది రాగూడదు, అంతే” అన్నాడు నాగేంద్రబాబు, చాలా పెద్ద మనసు చేసుకుని.

“ఉదయగిరోళ్ళకు ఈ వయసులో కంప్యూటర్లంట” అని రాఘవమ్మ నవ్వింది.

ఉదయగిరి విజయకుమారి పుట్టిల్లు. అత్తగారింట్లో ఆమె చేసిన తప్పు ఏదైనా సరే బస్సెక్కి నేరుగా ఉదయగిరికి పోతుంది. కూరలో ఉప్పెక్కువైతే “మీ ఉదయగిరిలో ఇట్టనే తింటారా?” పాలు పొంగిపోతే “మీ అమ్మ ఏం నేర్పిందే నీకు?” ఒకసారి వీధి మొత్తం కరెంటు పోయినప్పుడు కూడా రాఘవమ్మ కోడలి వైపే చూసింది. అందుకని క్లాసులో మొదటిరోజు ఆమె రాసిన నాలుగు లైన్ల కింద ఎర్రటి అక్షరాలు ప్రత్యక్షమయ్యేసరికి విజయకుమారి తిట్లకు సిద్ధపడిపోయింది. భయపడుతూనే కూడబలుక్కుని చదివింది. నాలుగో లైన్లో చివర ఒక బ్రాకెట్ తక్కువైంది అని ఉంది. కిందికి జరిపి చూసింది, ఇంకేమీ లేదు. అమ్మ ఊసు లేదు, పెంపకం ఊసు లేదు, ఉదయగిరి ఊసు అంతకన్నా లేదు. తప్పు నాలుగో లైన్లో ఉంది, దిద్దుకుంటే పోతుంది, మళ్ళీ రేపు పొద్దున దాన్ని ఎవరూ ఎత్తరు. తప్పు ఇంత చిన్నదిగా కూడా ఉండొచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు. బ్రాకెట్ పెట్టింది, ఎరుపు పోయింది. ఎంత హాయిగా అనిపించిందంటే, కావాలనే మళ్ళీ బ్రాకెట్ తీసేసి ఇంకోసారి తిట్టించుకుంది.

క్లాసు చెప్పే మధులతకు పాతికేళ్ళుండవు. కలువాయి పిల్ల, మాట కరుకు. అందరూ మేడం అని పిలిస్తే, ఆమె మాత్రం వాళ్ళను అక్కా అనే పిలిచి అక్కలందరినీ గడగడలాడించేది. విజయకుమారికి పాఠంతో ఇబ్బంది లేదు, ఫోన్‌తోనే వచ్చింది. క్లాసు సరిగ్గా నాగేంద్రబాబు భోజనం వేళకే మరి.

“మజ్జిగ యాడుండాదే?”

“ఫ్రిజ్జిలో.”

“ఫ్రిజ్జిలో యాడ?”

“తలుపు తీస్తే ఎదురుగ్గానే.”

“ఏ తలుపు?”

విజయకుమారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గుసగుసగా ఫ్రిజ్జి తలుపు గురించి వివరిస్తుంటే క్లాసంతా వింటోంది. ఆ ఫోన్ పెట్టగానే అత్త ఫోన్. అది పెట్టగానే మళ్ళీ మొగుడు. చివరికి మధులత వచ్చి ముందు నిలబడింది. “అక్కా, సీట్ల కోసం కింద మెట్ల దాకా ఉండారు జనం. ఇంకొక్కసారి నీ ఫోన్ మోగిందంటే నీ సీటు వేరేవాళ్ళకిచ్చేస్తా. తర్వాత నన్ను అనుకోవద్దు.”

విజయకుమారి మొహం మాడిపోయింది. స్విచాఫ్ చేసి రావచ్చు గదా అని మీరనొచ్చు. ఒకరోజు చేసింది. నాగేంద్రబాబు మజ్జిగ లేకుండా అన్నం తిని, సాయంత్రం దాకా ఆకలితో పడున్న మొహం పెట్టి, “ఇబ్బంది రాగూడదని ముందే చెప్పినా” అన్నాడు. ఇటు మోగితే సీటు పోతుంది, అటు మోగకపోతే పర్మిషన్ పోతుంది. ఆ సీటంటే ఆమెకు ప్రాణం. రోజులో ఆ రెండు గంటలే ఆమెను ఎవరూ ఏదీ వెతకమనరు.

ఆ వారమే మధులత హోంవర్క్ ఇచ్చింది. ఫలానాది అడిగితే ఫలానా జవాబు చెప్పమని కంప్యూటర్‌కు ముందే రాసిపెట్టడం నేర్పి, “మీ ఇంట్లో వాళ్ళకు పనికొచ్చే ప్రోగ్రాం ఏదైనా సొంతంగా రాసుకోండి” అంది. విజయకుమారికి ఆలోచించాల్సిన పనే లేకపోయింది. తమ్ముడు వాడి పారేసిన ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చుకుని ఉంది. దాని ముందు కూర్చుని రాసింది. బనీను అని కొడితే ‘తలుపు వెనక మేకుకు’. తాళం అంటే ‘టీవీ పక్కన కొక్కేనికి’. నెయిల్ కట్టర్ అంటే ‘టీవీ కింద డ్రాలో’. మజ్జిగ సంగతి తలుపుతో సహా రాసింది. ఇంట్లో వాళ్ళు తనను అడిగేవన్నీ గుర్తు చేసుకుని రాస్తుంటే లైన్లు తెగేట్టు లేవు. దానికి ‘యాడుండాది’ అని పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌ను హాల్లో బల్ల మీద నిలబెట్టింది.

మొదటిరోజు అద్భుతం. ఫోన్ మోగలేదు. నాగేంద్రబాబు షాపుకొచ్చిన రైతులందరికీ “మా ఇంట్లో కంప్యూటర్ పెట్టించినా, ఏది అడిగినా చెప్తది” అని చెప్పుకున్నాడు. పెట్టించింది తనే అన్నట్టు.

రెండోరోజు క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. “నీ కంప్యూటర్ అబద్ధాలు చెప్తుండాది. నెయిల్ కట్టర్ డ్రాలో ఉండాదంటది, డ్రాలో లేదు.” నిన్న గోళ్ళు తీసుకుని దాన్ని కిటికీలో పెట్టింది ఆయనే. మధులత గుడ్లురిమి చూసింది. “ఇదే ఆఖరక్కా” అంది. విజయకుమారి రెండు చేతులూ జోడించింది.

ఇక ఆ మరునాటి నుంచి చూడాలి ఆమె అవస్థ. క్లాసుకు పోయే ముందు ఇల్లంతా పరుగులు పెట్టి, ప్రోగ్రాంలో ఎక్కడుందని రాసిందో ప్రతి వస్తువునూ అక్కడికి చేర్చేది. కిటికీలోంచి నెయిల్ కట్టర్ తీసి డ్రాలో పెట్టేది. కళ్ళద్దాలు అత్త దిండు కింద నుంచి తీసి అలమరాలో పెట్టేది. కంప్యూటర్ మాట నిలబెట్టడానికి ముందు కన్నా ఎక్కువ చాకిరీ అయింది. ప్రోగ్రాం రాసింది విజయకుమారే, దానికి కూలి లేని పనిమనిషిగా కుదిరిందీ విజయకుమారే. అన్నీ సర్దిపెట్టినా రాఘవమ్మకు తృప్తి లేదు. “ఆ పెట్టెను అడగడమెందుకు, ఈమె ఇంట్లో ఉంటే ఈమే చెప్తది గదా” అనేది.

హోంవర్కులు చూసేరోజు మధులత ఆమె పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ప్రోగ్రాం తెరిచి కిందికి జరిపింది. జరుపుతూనే ఉంది. “అక్కా, మీ ఇంట్లో కళ్ళు కనపడనోళ్ళు ఎంతమంది?” అని అడిగింది. క్లాసంతా గొల్లున నవ్వింది, విజయకుమారి కూడా నవ్వింది. తర్వాత మధులత మామూలుగా అడిగింది. “రాయడం బాగానే రాసినావు. వస్తువు జరిగిందనుకో, జరిగిందని దీనికి ఎవరు చెప్తారు?”

“నేనే మేడం.”

“నువ్వు చెప్పకపోతే?”

“అబద్ధం చెప్తది.”

“మరి తప్పు పోవాలంటే లైన్లు చేర్చడం ఒకటే కాదక్కా, తీసెయ్యడం కూడా నేర్చుకోవాల” అని మధులత పక్క సీటుకు పోయింది.

ఇంటికి నడిచొస్తుంటే విజయకుమారికి ఏడుపొచ్చింది. ఎందుకో మొదట తెలియలేదు. ఇన్నేళ్ళూ తన బుర్రలో ఏముందా అని తెరిచి చూసుకుంటే, ఆ ప్రోగ్రామే ఉంది. ఒకరి బనీను, ఒకరి కళ్ళద్దాలు, ఒకరి జామెట్రీ బాక్సు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చదివిన అకౌంట్స్ ఎక్కడున్నాయో లేదు, ఉదయగిరి కొండ కింద స్నేహితురాళ్ళతో తిరిగిన దార్ల పేర్లు లేవు, మేకు మాత్రం ఏ తలుపు వెనక ఉందో ఉంది. ఇంతకీ ఇదంతా తనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తల్లో, పందొమ్మిదేళ్ళ పిల్ల, తెలియని వంటింట్లో నిలబడి “చింతపండు యాడుండాది అత్తా?” అని అడిగింది. రాఘవమ్మ మంచం మీద నుంచి కదలకుండా “కళ్ళు లేవామ్మే? వెతుక్కో” అంది. ఆ రోజు ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్క డబ్బా మూతా తీసి వెతుక్కుంది. వెతికితే దొరికింది. అలా దొరికినవే ఇవన్నీ. నడిచే మనిషి ఆగిపోయి, సోమశిల రోడ్డు మధ్యలో, ఒక ఆటోవాడు హారన్ కొడుతున్నా వినిపించుకోకుండా, ఫక్కున నవ్వింది.

మరునాడు ఆమె ఏ వస్తువునూ ఎక్కడికీ చేర్చలేదు. తీరిగ్గా కూర్చుని, ప్రోగ్రాంలో లైన్లు తీసేసింది. మేకు పోయింది, కొక్కెం పోయింది, మజ్జిగ తలుపుతో సహా పోయింది. అడగడానికొక లైను, చెప్పడానికొక లైను మిగిలాయి. తర్వాత అన్నం తిని, చీర మార్చుకుంది. ఆరోజు కాస్త ముందుగానే నాగేంద్రబాబు భోజనానికొచ్చి, బండి తాళం తన జేబులోనే ఉన్నా, తాళం అని కొట్టాడు. తెర మీద జవాబొచ్చింది. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. బనీను అని కొట్టాడు. మజ్జిగ అని కొట్టాడు.

“ఏమే, ఇది పాడైపోయినట్టుండాది. ఏది అడిగినా ‘కళ్ళున్నాయి గదా, వెతుక్కోండి’ అంటుండాది!”

“పాడు గాలా, ఇప్పుడే బాగైంది. మీరు వస్తువును యాడ పడేసినా ఆ జవాబు అబద్ధం గాదు.”

“మరి నాకు దొరక్కపోతే?”

“నెల్లూరు జిల్లాలో ఉండే పురుగులన్నిటికీ మందు వెతికి ఇస్తుండారు, మజ్జిగ దొరకదా మీకు?”

నాగేంద్రబాబు ఫ్రిజ్జి వైపు చూశాడు. మంచం మీద నుంచి రాఘవమ్మ లేచి కూర్చుంది. ఆవిడకు నిజంగానే కోపమొచ్చింది. “మొగుడికీ అత్తకీ చెప్పే మాటలా ఇవి? ఎవరు నేర్పినారే దానికి?”

విజయకుమారి ఫోన్ స్విచాఫ్ చేసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. చెప్పులేసుకుని గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

“మీరే అత్తా. నేను చింతపండు అడిగినరోజు నేర్పినారు. నేనైతే కాస్త మర్యాద చేర్చినా.”