తోమిన తూటాలు

మా అమ్మ మరియరాణికి ఇత్తడి అంటే పిచ్చి. నరసాపురంలో మా చర్చి కొవ్వొత్తి స్టాండ్లూ, కానుకల పళ్ళెమూ, బల్ల మీది సిలువా అన్నీ ఇత్తడివే. ఈస్టర్ ముందు శనివారం ఆడవాళ్ళంతా కూర్చుని చింతపండుతో వాటిని తోముతారు. వేరేవాళ్ళు తోమి పక్కన పెట్టినవాటిని కూడా అమ్మ తన వైపు లాక్కుని మళ్ళీ తోమేది. మరియరాణి తోమిన పళ్ళెంలో చూసుకుని తల దువ్వుకోవచ్చని పాస్టరమ్మగారు ఎప్పుడో అన్నారు. ఆ మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఒక్క గుడి గంట మాత్రం అమ్మ చేతికి చిక్కలేదు. నిచ్చెనకు అందనంత ఎత్తున వేలాడేది. దొరల కాలం నాటి గంట, ఎవరూ తోమక నల్లబెల్లం రంగుకు తిరిగింది. దాని కింద నిలబడ్డప్పుడల్లా అమ్మ పైకి చూసి నిట్టూర్చేది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతి సంగతి విని ఎవరూ మా అమ్మను ఒక్క మాట అనకూడదు. అనే హక్కు నాకొక్కదానికే ఉంది. నేనూ అనలేకపోయాను.

సిడ్నీలో నర్సింగ్ చదివే రోజుల్లో గిరావీన్‌లో యోగేంద్ర అంకుల్, కమలా ఆంటీల ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. వాళ్ళు ఫిజీ తెలుగువాళ్ళు. అంకుల్ వాళ్ళ ముత్తాత చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళాడట. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక వీళ్ళు సిడ్నీ వచ్చేశారు. అంకుల్‌కి దొరికిన మొదటి పని పాత లోహం కొనే యార్డులో. ఒకరోజు కరిగించడానికి వచ్చిన ఇత్తడి కుప్పలో బొటనవేలంత లావు తూటాలు కనిపించాయి. ఏనుగుల్ని, అడవిదున్నల్ని వేటాడే పెద్ద రైఫిళ్ళవి. అడుగున అచ్చు కొట్టిన అక్షరాల్లో లండన్ అని ఉంది. వాటిని కొలిమికి పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. అలా మొదలైంది ఆ పిచ్చి.

లోపల మందు తీసేసిన తూటాలే ఆయన దాచేవారు. పేలేది ఒక్కటీ లేదు. గరాజ్‌లో బల్ల మీద వాటిని వయసు ప్రకారం నిలబెట్టి నాకు పాఠం చెప్పేవారు. ముందు నల్ల తుపాకిమందు కాలం, పొడుగాటి తూటాలు. వాటి సీసపు గుండు చుట్టూ పల్చటి కాగితం చుట్టి ఉండేది. నూరేళ్ళకు పైబడిన ఆ కాగితం చెక్కుచెదరకుండా ఉన్నవి దొరకడమే గగనం. తర్వాత పొగరాని మందు వచ్చింది. అది అచ్చం సేమ్యాలా ఉంటుందని చెబితే నేను నమ్మలేదు. గాజు సీసాలో చూపించారు. నిజంగా సేమ్యాయే.

"ఈ సైజ్ చూడు జాక్లిన్," అన్నారొకసారి. "ఇండియాలో బ్యాన్ చేసినారు. తిరగబడేవాళ్ళు ఎత్తుకుపోయి ఆర్మీ తుపాకుల్లో వాడతారని బ్రిటిష్ గవర్నమెంట్‌కి భయం. అప్పుడు కంపెనీలు కొంచెం పెద్దవి చేసినాయి. ఈ లైన్‌లో ఇవన్నీ పుట్టింది మీవాళ్ళంటే భయంతోనే."

ఆయన తెలుగు వాళ్ళ నానమ్మ నేర్పినంతే. ఆ కాస్త తెలుగుతోనే నన్ను సొంతం చేసుకున్నారు.

తూటాలన్నీ ముదురు గోధుమ రంగులో ఉండేవి. నేనొకసారి బట్టతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఈ కలరే దాని ఏజ్. తీస్తే ఫినిష్."

ఆ మాట నాకు తెలుసు. అమ్మకు తెలియదు.

నా కాన్వొకేషన్‌కి అమ్మ వచ్చింది. వచ్చినప్పటి నుంచి కమలా ఆంటీ ఆమెను చెంచా కూడా కడగనివ్వలేదు. పని లేకపోతే మా అమ్మకు నిద్రపట్టదు. ఆ వారమే తూటాలు సేకరించేవాళ్ళ సంఘం వార్షిక ప్రదర్శన. ఆ సంఘంలో అంకుల్ ఒక్కరే మనవాడు. ఏళ్ళ తరబడి వెనక కుర్చీలో కూర్చున్న మనిషికి మొదటిసారి గుమ్మం ఎదురుగా బల్ల ఇచ్చారు. ఆయన ఆనందం చూడాలి! బల్ల మీద పరిచే గుడ్డను కూడా ఆయనే ఇస్త్రీ చేసుకున్నారు.

ముందు రోజు శనివారం అంకుల్, ఆంటీ సిడ్నీలోనే లివర్‌పూల్ అనే పేటలో పెళ్ళికి వెళ్ళారు. నేను హాస్పిటల్ డ్యూటీ ముగించుకుని సాయంత్రం వచ్చేసరికి అమ్మ గరాజ్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు ఎర్రబడి ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది.

"వచ్చేవా? ఇలా రా. చూడు!"

బల్ల మీద తూటాలు బారుగా నిలబడి కొత్త బంగారంలా మెరుస్తున్నాయి. పక్కన బకెట్లో చింతపండు పిప్పి.

"ఎంత మురికి పట్టిపోయాయో తెలుసా? రేపు నలుగురిలో పెట్టుకోవాలా, పాపం ఆయనకి తీరిక లేదు. కొన్నిటికైతే కాగితం కూడా అంటుకుపోయింది. నానబెట్టి గీకేశాను."

అరుద్దామని నోరు తెరిచాను. అప్పుడే కారు లోపలికొచ్చింది.

అంకుల్ బల్ల దగ్గరికి నడిచారు. ఒక తూటా తీసి గుండు వైపు చూశారు. వేలితో కాగితం ఉండాల్సిన చోట తడిమారు. దాన్ని మళ్ళీ దాని చోటే పెట్టేశారు.

"చెల్లెమ్మా, ఇదంతా మీరొక్కరే చేసినారా?"

"నా పిల్లని మీ పిల్లలా చూసుకుంటున్నారు అన్నయ్యగారూ. వట్టినే తిని కూర్చోడానికి సిగ్గేసింది."

"చాలా అందంగా ఉంది," అన్నారు అంకుల్.

కమలా ఆంటీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొళాయి చాలాసేపు పారింది.

పెరట్లో అంకుల్‌ని పట్టుకున్నాను. "రేపు వెళ్ళొద్దు అంకుల్. ఒంట్లో బాలేదని చెప్పేయండి."

"వెళ్ళకపోతే అమ్మకి తెలుస్తాది."

"తెలియనివ్వండి! తెలియాలి!"

"ఇంకెన్ని రోజులు ఉంటాది?"

"ఒక వారం."

"వారం హ్యాపీగా ఉండనీ," అన్నారు. ఆ మంచితనానికి నాకు ఆయన మీదే కోపం వచ్చింది.

మర్నాడు అమ్మ కాన్వొకేషన్ పట్టుచీర కట్టుకుని ఆయన బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. గుమ్మంలోంచి వచ్చేవాళ్ళు మా మెరుపు చూసి ఆగేవారు. ఒకరిద్దరు నవ్వు దాచుకున్నారు. సంఘం పెద్ద క్రిస్ వచ్చాడు. అంకుల్‌కి ఆ బల్ల ఇప్పించిందీ ఆయనే. కాగితం ఊడిన తూటా చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"హూ డిడ్ దిస్, మేట్?"

"ఐ డిడ్," అన్నారు అంకుల్. "ఐ వాంటెడ్ ఇట్ నీట్."

క్రిస్ ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బావుండేది.

"ఏవన్నాడే ఆయన?" అంది అమ్మ.

"ఇంత మెరుపు ఈ హాల్లో ఎప్పుడూ చూడలేదంట."

అమ్మ మురిసిపోయింది. క్రిస్ అనకపోయినా ఆ మాటలో అబద్ధం లేదు.

మధ్యాహ్నం తక్కిన బల్లలు చూసొస్తానని అమ్మ లేచింది. మొదటి బల్ల దగ్గర ఆగింది. రెండో బల్ల దగ్గర ఇంకాసేపు ఆగింది. మూడో దాని దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూసింది. హాలంతా నల్లబెల్లం రంగే. తిరిగొచ్చి కుర్చీని బల్ల వెనక్కి లాక్కుని, పట్టుచీర కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. ఇక ఎవరేమన్నారో నన్నడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ ముందుకు వంగింది.

"మా గుడి గంట కూడా అదే రంగు అన్నయ్యగారూ. అందక వదిలేశాం."

అంకుల్ రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇవి మళ్ళీ అలా అవుతాయా?"

"అవుతాయి చెల్లెమ్మా."

"ఎన్నాళ్ళకి?"

"మీరు మళ్ళీ వచ్చేసరికి అయిపోతాయి."

అమ్మ తల ఊపింది. ఇత్తడి ఎన్నాళ్ళకు ఏ రంగుకు తిరుగుతుందో ఆమెకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు.

అమ్మ ఊరెళ్ళాక ఫోన్ చేస్తే తిన్నావా అని కూడా అడగకుండా, "అన్నయ్యగారి తూటాలు నల్లబడ్డాయా?" అనేది. పడుతున్నాయమ్మా అనేదాన్ని. అవి బీరువాలో పసుపుపచ్చగా మెరుస్తూనే ఉండేవి. అంకుల్ మళ్ళీ ఏ ప్రదర్శనకూ వెళ్ళలేదు. అప్పుడే గరాజ్‌లో అమ్మతో అరిచి పోట్లాడి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కనీసం నా ఒళ్ళో పడి ఏడ్చి ఉండేది.

ఆ ఏడు ఈస్టర్‌కి పిన్ని ఫోన్ చేసింది. గుడి సామాను తోమడానికి అమ్మ రాలేదట. పాస్టరమ్మగారు ఇంటికొచ్చి పిలిచినా కదల్లేదట.

"అడిగితే, చేతులు నొప్పులంటుందే," అంది పిన్ని.